ఎర్ర రంగేసిన బోరింగు

పోయిన నెల మా చెల్లె శాంతి మోకాళ్ల నొప్పులకు చూపించుకుందామని గద్వాల నుంచి వనపర్తికి, మా ఇంటికి వచ్చింది. మరునాడు పొద్దున ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకపోయాను. డాక్టరు చిన్న వయసువాడు, మా పెద్దోడి ఈడు ఉంటాడు. ఎక్స్‌రే ఫిల్మును వెలుగుతున్న తెల్ల పలకకు తగిలించి, అటు వంగి ఇటు వంగి చూసి, "చిన్నప్పుడు ఏ ఊరి నీళ్లు తాగినవమ్మా?" అని అడిగాడు. "గద్వాల నీళ్లు సార్, కృష్ణ నీళ్లు" అంది శాంతి. సరిగ్గా అప్పుడే నేను మా ఊరి పేరు చెప్పాను. డాక్టరు మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసి, "ఇద్దర్ల ఎవరి మాట రాసుకోవాలె?" అన్నాడు. నవ్వాల్సిన మాటే గానీ మాకిద్దరికీ నవ్వు రాలేదు.

ఆటోలో ఇంటికి వస్తుంటే శాంతి మోకాళ్లు నిమురుకుంటూ కూచుంది. తర్వాత, "ఊర్ల నేను ఎన్నేండ్లు ఉన్ననక్కా?" అని అడిగింది. "అవ్వ కొంగు వాసన యాదికుంది. పొయ్యిల ఆముదం కట్టెల పొగ యాదికుంది. ఇంకేం లేదు నాకు" అంది. బోరింగు గుర్తుందా అని అడిగితే, "ఎర్రగ ఉండె" అని మాత్రం చెప్పింది. నాకు ఆ బోరింగు ఎర్రబడక ముందటి కాలం కూడా గుర్తుంది. గుర్తుండి ఏం లాభమో తెలియదు. బతుకంతా బడిపిల్లలకు పాఠాలు చెప్పి రిటైరయిన దాన్ని. ఏ పేరా ఇచ్చినా దాని కింద ప్రశ్నలకు జవాబులు చూపించగలను. చిన్నప్పటి ఆ అయిదారేండ్ల మా ఇంటి సంగతిని మాత్రం ఎన్నిసార్లు మొదటినుంచి చదువుకున్నా ఒక దగ్గర తట్టుకుంటాను.

మా ఊరు బిజినేపల్లి నుంచి తిమ్మాజిపేట పోయే దిక్కున, రోడ్డుకు లోపల ఉంటుంది. అమ్మా నాయినా ఏడాదిలో ఎక్కువ కాలం మేస్త్రీ వెంట మట్టిపనికి పోయేవాళ్లు. ఎక్కడ కాలువ తవ్వితే అక్కడ, ఎక్కడ కట్ట పోస్తే అక్కడ. శాంతినీ నన్నూ అవ్వ సాకేది. అవ్వ అంటే నాయినకు తల్లి. సన్నటి మనిషి, గొంతు మాత్రం పెద్దది. తెల్లవారకముందే లేచి, మోకాళ్ల మీద కూచుని, ప్రభువుకు మా అందరి పేర్లూ ఒక్కొక్కటే చెప్పేది. ఊరు కాని ఊర్లో ఉన్న కొడుకూ కోడలి పేర్లు చెప్పేటప్పుడు గొంతు ఇంకా పెంచేది, దూరంలో ఉన్నారు కదా అని. ప్రార్థన అయినంక పొయ్యి ముట్టించేది. ఆముదం కట్టె తొందరగా అంటుకుని తొందరగా ఆరిపోతుంది. అందుకని పొయ్యి ముందు నుంచి కదలకుండా ఒక చేత్తో కట్టె ఎగదోస్తూ, ఇంకో చేత్తో జొన్న రొట్టె తట్టేది. రొట్టె కాలిన వాసన, కట్టె పొగ, అవ్వ తలకు రాసుకున్న నూనె కలిసి ఇంట్లో ఒకటే వాసనగా ఉండేది. శాంతికి అవ్వ కొంగు వాసనగా గుర్తున్నది అదే అయి ఉంటుంది.

నీళ్ల సంగతి చెప్పాలి. ఊరి మధ్యలో చేదబాయి ఉండేది. అందులో మా వాడవాళ్లు చేద వెయ్యగూడదు. కడవ పక్కన పెట్టుకుని నిలబడితే ఎవరన్నా దయ తలచి తోడి పోసేవాళ్లు. పోసేవాళ్లు రాకపోతే పొద్దెక్కేదాకా నిలబడటమే. నేను చిన్నపిల్లగా ఉన్నప్పుడు అవ్వ వెంట అక్కడ నిలబడిన గుర్తు ఉంది. అవ్వ ఎవరినీ అడిగేది కాదు, కడవ దిక్కు చూస్తూ నిలబడేది. ఆ నీళ్లు కొంచెం ఉప్పగా ఉండేవి, వాటితో కందిపప్పు ఉడికేది కాదు. ఎంత మంట పెట్టినా పప్పు పలుకు పలుకుగానే ఉండేది. నాకు ఆరేండ్లు ఉంటాయేమో, శాంతి అప్పుడే నడక నేర్చిన పిల్ల, మా వాడలో బోరింగు వేశారు. లారీ వచ్చి, భూమి లోపలికి ఇనుప గొట్టాలు దింపి, రెండు దినాలు గడగడలాడించి, చివరికి మట్టినీళ్లు ఎగజిమ్మితే వాడవాడంతా తడిసి అరిచింది. కొత్త చేతిపంపు కింద అవ్వ దోసిలి పట్టి, తాగి, ఇంకోసారి తాగి, "తేటగున్నయి. తీయగున్నయి" అంది. ఆ దినం బోరింగు నీళ్లతో పప్పు పెట్టింది. వెన్న లాగా ఉడికింది. అవ్వకు నీళ్ల పరీక్ష అంటే అదే. పప్పు ఉడికితే మంచి నీళ్లు. ఆ పూట నుంచి ఆమె చేదబాయి దిక్కు పోలేదు.

బడి ఊరి మొదట్లో ఉండేది. బండలు పరిచిన రెండు గదులు. మాకు అన్ని పాఠాలూ చెప్పే సారు గద్వాల అవతల నది ఒడ్డు ఊరివాడు. మాటలో అక్కడక్కడా కన్నడం పడేది, మేము నవ్వేవాళ్లం. పరిసరాల విజ్ఞానం చెప్పే రోజు ఆయన పుస్తకంలోని పేరాను ఒకరితో గట్టిగా చదివించి, కింద ఉన్న ప్రశ్నలు అడిగేవాడు. "జవాబు పేరాలనే ఉంటది. బయట ఎతుకొద్దు" అనేవాడు. ఆ మాట నాకు బాగా పట్టుబడింది. ప్రశ్నలో ఉన్న ముక్క పేరాలో ఎక్కడుందో చూసి, దాని ముందూ వెనకా ఉన్నది ఎత్తి రాసేదాన్ని. అర్థమయినా కాకపోయినా జవాబు తప్పయ్యేది కాదు. తడబడకుండా చదువుతానని ప్రతిసారీ నన్నే లేపేవాడు. "నీరు రంగు, రుచి, వాసన లేని పారదర్శకమైన ద్రవము" అని నేను గుక్క తిప్పుకోకుండా చదివాను. పారదర్శకం అంటే ఏదో దర్శనం లాంటిదని అనుకున్నాను, ఎందుకంటే నీళ్లలో మొఖం కనబడుతుంది కదా. రుచి లేదన్న దగ్గర మాత్రం నాకు ఆగక, "సార్, మా అవ్వ తాగి చెప్తది గదా, ఏ నీళ్లు ఏ బాయివో?" అని అడిగాను. సారు కాసేపు ఆలోచించి, "అది రుచి గాదు బిడ్డా, అలవాటు" అన్నాడు. ఇంటికి పోయి అవ్వకు చెప్పాను. "మీ సారుకు జరం గిన వచ్చిందేమో, నోరు చేదుగుంటే ఏ రుచి తెలుస్తది?" అంది అవ్వ. ఇద్దరిలో ఎవరిది నిజమో నాకు తేలలేదు. పరీక్షలో మాత్రం రుచి లేదనే రాశాను.

శాంతికి పాలపండ్లు ఊడి కొత్త పండ్లు వచ్చాయి. అవి వచ్చేటప్పుడే సుద్ద రాసినట్టు మచ్చలతో వచ్చాయి. కొన్నాళ్లకు ఆ మచ్చల మీద గోధుమరంగు గీతలు దిగాయి. బొగ్గుతో తోమించినా, ఉప్పుతో తోమించినా, వేపపుల్ల నమిలించినా పోలేదు. అవ్వ తిట్టేది. బళ్లో పిల్లలు వెక్కిరించేవాళ్లు. నా పండ్లు తెల్లగా ఉండేవి. "అక్కను సూడు, ఎంత మంచిగ తోముకుంటదో" అని అవ్వ అంటుంటే శాంతి చేత్తో నోరు మూసుకుని నా దిక్కు చూసేది. నిజానికి నేను సరిగ్గా తోముకునేదాన్ని కూడా కాదు. ఆ తర్వాత ఆమె నడకలో తేడా వచ్చింది. నడుస్తుంటే రెండు మోకాళ్లూ ఒకదానికొకటి రాసుకునేవి, పాదాలు దూరంగా పడేవి. ఉరికితే పడిపోయేది. మా చర్చి అయ్యగారు ఆదివారం ఆమెను ముందుకు పిలిచి, మోకాళ్ల మీద చేతులు పెట్టి ప్రార్థన చేశాడు. బొక్కలకు కట్టు కట్టే ఒకాయన ఆముదం కాచి రాసి రోజూ కాళ్లు తొక్కమన్నాడు. శాంతి ఏడుస్తుంటే నేనే తొక్కాను.

ఒక దినం నాగర్‌కర్నూల్ దిక్కు నుంచి జీపు వచ్చింది. ఇద్దరు మనుషులు దిగి, బోరింగు కొట్టి, సీసాల్లో నీళ్లు పట్టుకుని, మూతలు బిగించి పోయారు. ఎవరో అడిగితే పరీక్షకు అన్నారు. నీళ్లకు పరీక్షేందని వాడలో ఆడోళ్లు నవ్వుకున్నారు. చాలా దినాలకు ఇంకో మనిషి రంగు డబ్బా తెచ్చి, ఎవరితోనూ మాట్లాడకుండా బోరింగు మొత్తానికి ఎర్ర రంగు వేసి, పక్క గోడకు ఒక కాగితం అంటించి పోయాడు. ఆడోళ్లు మామూలుగానే నీళ్లకు వచ్చారు. రంగు ఇంకా ఆరలేదు. పంపు కొట్టిన ప్రతి చెయ్యీ ఎర్రగా అయింది, బిందెల అంచులకు ఎర్ర వేళ్ల గుర్తులు పడ్డాయి. అప్పుడు ఎవరో కాగితం చూపించి, చదివేవాళ్లను పిలవమన్నారు. సారు ఆ వారం సెలవు మీద తన ఊరికి పోయి ఉన్నాడు. మా వాడలో తడబడకుండా చదివేదాన్ని నేనే. నన్ను పిలిచారు.

గోడ ముందు నిలబడి, బళ్లో చదివినట్టే చేతులు కట్టుకుని చదివాను. "ఈ బోరుబావి నీటిలో ఫ్లోరైడు మోతాదుకు మించి ఉన్నందున ఈ నీరు త్రాగుటకు, వంటకు పనికిరాదు. ఇతర అవసరములకు వాడుకొనవచ్చును." ఒక్క అక్షరం తప్పు పోలేదు. చదివి వెనక్కి తిరిగితే అందరూ నా మొఖమే చూస్తున్నారు.

"ఏమంటుందే?" అంది అవ్వ.

"తాగనీకి పనికిరావంట."

"ఎందుకు పనికిరావంట?"

"ఫ్లోరైడు ఉందంట."

"గదేంది? పురుగా?"

నేను మళ్లీ కాగితం చూశాను. జవాబు అందులోనే ఉండాలి. ఉన్న రెండు వాక్యాలూ మళ్లీ చదివాను. ఫ్లోరైడు అంటే ఏమిటో వాటిలో లేదు. "తెల్వదవ్వా" అన్నాను.

మా ఇంటి పక్కన ఏసోబు మామ ఉండేవాడు. వాడలో ఏ పంచాయితీ అయినా ఆయన ముందుంటాడు. ఆయన ఒక చెంబులో నీళ్లు పట్టి, ఎండకు ఎత్తి చూపించి, "ఇందుల ఏమన్న కనవడ్తుందా? ఎవరికన్న?" అన్నాడు. ఎవరికీ కనబడలేదు. "ఊర్ల చేదబాయికి రంగెయ్యలే. మన బోరింగుకే ఏసిండ్రు. ఎందుకో తెల్వదా? మనం పోయి మళ్ల ఆడ కడవలు పట్టుకొని నిలవడాలె. గందుకు." ఆ మాటతో అందరూ ఒక్కసారి అరవడం మొదలుపెట్టారు. అవ్వ అరవలేదు. చేదబాయి దగ్గర నిలబడినప్పటి మొఖం పెట్టుకుని, కడవ నింపుకుని ఇంటికి వచ్చింది. నేను వెంట నడిచాను. కాగితం అబద్ధం చెప్పదని నాకు అనిపించింది, ఏసోబు మామ చెప్పిందీ అబద్ధం కాదనిపించింది. రెండూ నిజమెట్లా అవుతాయో నాకు తెలియలేదు.

ఇంట్లో అన్నానికి కూచున్నప్పుడు నాకు పుస్తకంలో ఇంకో వాక్యం గుర్తొచ్చింది. నీటిని మరిగించి, చల్లార్చి, వడపోసి త్రాగవలెను. అదీ నేను గట్టిగా చదివిందే. అవ్వకు చెప్తే, కట్టెలు దండగని మొదట ఒప్పుకోలేదు. శాంతి నడక చూసిందేమో, "సరే, మీ పుస్తకం చెప్పినట్టే చేద్దాం" అంది. అప్పటి నుంచి బడికి పోయేముందు నేనే కుండెడు నీళ్లు పొయ్యి మీద పెట్టి, బుడబుడమని సగానికి వచ్చేదాకా మరిగించేదాన్ని. ఎంత ఎక్కువ మరిగితే అంత మంచిదని నా లెక్క. చల్లారినంక పాత పంచె గుడ్డలో వడపోసి శాంతికి తాగించేదాన్ని. గుడ్డ మీద ఏమీ నిలిచేది కాదు. ఏమీ నిలవకపోవడం మంచికో చెడుకో అర్థమయ్యేది కాదు.

సారు తిరిగి వచ్చిన దినం చెంబులో బోరింగు నీళ్లు పట్టుకుని బడికి పోయాను. "సార్, ఇందుల ఫ్లోరైడు యాడుంది?" అని ఆయన బల్ల మీద పెట్టాను. ఆయన చెంబు ఎత్తి వాసన చూశాడు. ఒక గుక్క నోట్లో పోసుకుని పుక్కిలించి బయట ఉమ్మాడు. పుస్తకం తీసి, ఆ పాఠం మొదటి నుంచి చివరిదాకా వేలు పెట్టి చదివాడు. పైతరగతి పుస్తకం తీసి అదీ చూశాడు. తర్వాత పిల్లలందరూ వింటుండగా, "నాకు గూడ తెల్వదు. పుస్తకంల లేదు" అన్నాడు. సారుకు తెలియనిది ఉంటుందని నేను అప్పటిదాకా అనుకోలేదు. 

ఆ ఆదివారం ఆయన మహబూబ్‌నగర్ పోయి తెలిసినవాళ్లను అడిగి వచ్చాడు. సోమవారం బడి అయినంక మా ఇంటికి వచ్చాడు. ఊర్లో ఉండే సారు మా వాడలోకి రావడమే వింత. అవ్వ మంచం వాల్చి, ఎవరొచ్చినా ఇచ్చినట్టు నీళ్లు ఇవ్వబోయి ఆగింది. సారు కూచుని, ఫ్లోరైడు రాళ్లలో ఉండే ఒక పదార్థమని, భూమి లోపల నీళ్లలో కరుగుతుందని, కంటికి కనబడదని, వాసనా రుచీ ఉండవని, కొంచెముంటే పండ్లకు మంచిదని, ఎక్కువైతే పండ్లనూ బొక్కలనూ పాడుచేస్తుందని, పిల్లల బొక్కలను వంచుతుందని, తాను విన్నది విన్నట్టు చెప్పాడు. శాంతిని దగ్గరికి పిలిచి నోరు తెరిపించి చూశాడు.

"మరి కాంచి తాగిపిస్తున్నం గదా సార్" అన్నాను నేను.

"కాంచితే పోదంట బిడ్డా. నీళ్లు ఆవిరైతయి, అది అడుగునే ఉంటది. ఇంకా చిక్కవడ్తది."

"పుస్తకంల కాంచాలెనని ఉంది గదా?"

"అది పురుగులకు. ఇది పురుగు గాదు."

"మరి పప్పు గింత మంచిగ ఉడుకుతుంది?" అంది అవ్వ. ఆమె గొంతులో కోపం లేదు. తనకు తెలిసిన ఒకే ఒక్క లెక్క ఎందుకు తప్పిందో నిజంగా తెలుసుకోవాలని అడిగింది.  ఉప్పగా ఉండే నీళ్లలో సున్నం ఎక్కువుండి పప్పు ఉడకదనీ, మా బోరింగు లాంటి నీళ్లలో అది తక్కువనీ నేను చాలా ఏండ్ల తర్వాత ఒక పుస్తకంలో చదివాను. అప్పటికి చెప్పడానికి అవ్వ లేదు.

పండగకు అమ్మ ఒక్కతే ముందు వచ్చింది. శాంతి ఎదురుగా ఉరకబోయి పడింది. అమ్మ నెత్తి మీద మూట కింద పెట్టకుండానే కూలబడి ఆమె కాళ్లు పట్టుకుని చూసింది. మరునాడే మహబూబ్‌నగర్ పెద్ద దవాఖానకు తీసుకపోయింది. నన్నూ తీసుకపోయింది, రాసిచ్చేది చదవడానికి. డాక్టరమ్మ రాసింది ఏమీ లేదు, నోటితోనే చెప్పింది. మందు లేదు. నీళ్లు మార్చాలి. పాలు, ఆకుకూరలు, రాగిజావ పెట్టాలి. ఎదిగే వయసు కాబట్టి కొంత సర్దుకోవచ్చు, సర్దుకోకపోవచ్చు. "మార్చకపోతే?" అని అమ్మ అడిగితే, "ఇంకా వంగుతయి" అంది.

నీళ్లు ఎట్లా మార్చాలి? సారు చెప్పినవి రెండు దారులు. ఒకటి, లోతు తక్కువ బాయిలో ఫ్లోరైడు అంతగా ఉండదంట కాబట్టి, శాంతి ఒక్కదానికన్నా చేదబాయి నీళ్లు తేవడం. "నేను కావాలంటే మాట్లాడ్త" అన్నాడాయన. అమ్మ వెంటనే, "వొద్దు సార్. ఆడ నిలవడి అడుక్కునుడు మా అత్తతోని ఒడిసింది. నా పిల్లకు నేర్పియ్య" అంది. "మరి ఏటి ఒడ్డుకు మీ సుట్టాలెవరన్న ఉన్నరా?" అని అడిగాడు. ఉన్నారు. అమ్మకు అక్క, మా పెద్దమ్మ, గద్వాలలో నేతవాళ్ల ఇంట్లో మగ్గానికి నూలు కండెలు చుట్టే పనిచేసేది. పిల్లలు లేరు. గద్వాలలో నది నీళ్లు తాగుతారు. శాంతిని అక్కడికే పంపాలనుకున్నారు. అవ్వ మాత్రం, "నీళ్ల కోసం పిల్లను ఇచ్చేస్తరా ఎవరన్న?" అంది. అమ్మ శాంతి బట్టలు మూట కట్టింది. నాయిన వచ్చేదాకా కూడా ఆగలేదు.

శాంతికి ఏం చెప్పి తీసుకపోయారో నాకు తెలియదు. బిజినేపల్లి దగ్గర బస్సెక్కించడానికి అందరం పోయాం. కొత్త గౌను వేశారు. నేను ఏడవలేదు, నాకు కోపంగా ఉంది. నేనూ అవే నీళ్లు తాగాను. నా పండ్లు తెల్లగా, కాళ్లు తిన్నగా ఎందుకున్నాయి? వంగి ఉంటే నన్నూ బస్సెక్కించేవాళ్లు కదా. నది చూసేదాన్ని, చీరలు నేసే మగ్గాలు చూసేదాన్ని. ఇంట్లో నాకు మిగిలింది మరిగించే పని లేని పొయ్యి, మాట్లాడని అవ్వ. అమ్మ మళ్లీ మట్టిపనికి పోయింది. వాడలో సగం మంది బోరింగు నీళ్లే తాగారు. మిగిలినవాళ్లు కొన్నాళ్లు పొలాల బాయిలకు పోయి, ఎండలకు అవి ఎండితే మళ్లీ బోరింగుకే వచ్చారు. చేతుల రాపిడికి పంపు పిడి మీద ఎర్ర రంగు పోయి ఇనుము బయటపడింది.

ఏడాది చివరి పరీక్షలో మంచినీటి లక్షణాలు రాయమని వచ్చింది. రంగు, రుచి, వాసన ఉండవని రాశాను. రాసినా కలం ఆగలేదు. 'ఇవి లేకపోయినా మంచి నీళ్లు కాకపోవచ్చు' అని ఇంకో వాక్యం రాశాను. సారు దిద్దిన కాగితం ఇచ్చేటప్పుడు నా పక్కన నిలబడి, "మొదటి దానికి మార్కులిచ్చిన. రెండోది నిజమే గానీ, దానికి ఇయ్యనీకి జవాబుల పట్టీల జాగ లేదు బిడ్డా" అన్నాడు. ఆయన దాన్ని కొట్టెయ్యలేదు, టిక్కు కూడా పెట్టలేదు.

తర్వాతి క్రిస్మస్‌కు పెద్దమ్మ శాంతిని తీసుకుని వచ్చింది. మోకాళ్లు పూర్తిగా తిన్నగా కాలేదు. కానీ రాసుకోవడం తగ్గింది, వాకిట్లోకి పడకుండా ఉరికి వచ్చింది. అవ్వ ఆ నడక చూసి రెండు చేతులూ పైకెత్తి దేవునికి స్తోత్రం చెప్పింది. చెప్పి, ఇంటికి వచ్చినవాళ్లకు చేసే మొదటి మర్యాద ప్రకారం లోపలికి పోయి చెంబునిండా నీళ్లు తెచ్చి శాంతి ముందుకు చాచింది. శాంతి పెద్దమ్మ దిక్కు చూసింది. పెద్దమ్మ సంచిలో గద్వాల నుంచి తెచ్చిన నీళ్ల డబ్బా ఉంది. "వొద్దన్నది అవ్వా, పెద్దమ్మ" అంది శాంతి చిన్నగా. అవ్వ చెయ్యి కాసేపు అట్లాగే ఉంది. ఆ తర్వాత చెంబు తన నోటి దగ్గరికి తీసుకుని, ఆపకుండా మొత్తం తాగి, కొంగుతో మూతి తుడుచుకుంది. ఆమె అది కోపంతో చేసిందా, ఆ నీళ్లతో ఏమీ కాదని చూపించడానికి చేసిందా, పిల్ల తాగాల్సింది తనే తాగేసిందా, నాకు ఇప్పటికీ తెలియదు. చివరి ఏండ్లలో అవ్వ నడుం బిగుసుకుపోయి, పొయ్యి ముందు వంగలేకపోయేది. ముసలితనం అన్నారు. అయి ఉండొచ్చు.

ఇప్పుడు మా ఊర్లో ఇంటింటికీ నది నీళ్లు నల్లాలో వస్తున్నాయి. చేదబాయిని పూడ్చారు, పైన సిమెంటు గద్దె కట్టారు. వనపర్తిలో మా వీధిలో సగం మంది నల్లా నీళ్లు వదిలి ఫిల్టరు నీళ్ల డబ్బాలు కొంటారు. ఆ నీళ్లలో ఒంటికి కావాల్సినవి కూడా పోతాయని ఒకరు, పోవని ఒకరు చెప్తారు. నేను చదువుతాను, రెండు వైపులా రాసింది చదువుతాను, చదివి నల్లా కిందే బిందె పెడతాను. ఉద్యోగం చేసినన్నాళ్లు పిల్లలకు పేరా చదివించి ప్రశ్నలడిగినప్పుడు, జవాబు పేరాలోనే ఉందని మా సారు అన్నంత ధీమాగా నేను ఎన్నడూ అనలేకపోయాను. దానివల్ల నా పిల్లలకు మార్కులు పెరిగాయో తగ్గాయో చెప్పలేను.

శాంతి గద్వాలలోనే పెరిగింది, అక్కడే పెండ్లయింది, పెద్దమ్మ పోయినంక ఆ కండెల పని, తర్వాత మగ్గం పని చేసింది. అమ్మా నాయినలను చూడటానికి వచ్చేది, చుట్టం లాగా వచ్చి చుట్టం లాగా పోయేది. డాక్టరు దగ్గరికి పోయి వచ్చిన ఆ సాయంత్రం వంటింట్లో గచ్చు మీద కాళ్లు చాపుకుని కూచుని, నేను తోటకూర తరుగుతుంటే, "అక్కా, నన్ను పండ్లు తోముకోలేదని పంపిండ్రనుకున్న" అంది. మామూలుగా అంది, ధర ఎంత అని అడిగినట్టు. నేను కత్తి కింద పెట్టాను.

"ఎన్ని దినాలు అనుకున్నవ్?"

"శానా దినాలు. పెద్దయినంక గాదని తెలిసింది గానీ, మరి ఎందుకో ఎవ్వరు చెప్పలే. నేను అడగలే."

కూర పక్కన పెట్టి అంతా చెప్పాను. రాళ్లు, నీళ్లు, బొక్కలు, ఎర్ర రంగు, చేదబాయి దగ్గర పిల్లను నిలబెట్టనన్న అమ్మ మాట. నా పండ్లు బోరింగు రాకముందే చిగుళ్ల లోపల తయారయ్యాయి కాబట్టి తెల్లగా వచ్చాయని, ఆమెవి ఆ నీళ్లతోనే తయారయ్యాయని, బళ్లో పాఠం చెప్పినట్టు వరసగా చెప్పాను. ఆమె తలూపుతూ వింది. అంతా అయినంక, "పండ్ల సంగతి సరే. కాళ్లు? ఒక్క ఇంట్ల, ఒక్క కుండల నీళ్లు. నాయి వంగినయి, నీయి వంగలే. గదెందుకు?" అని అడిగింది.

నువ్వు చిన్నదానివి, నీ బొక్కలు లేతవి అని మొదలుపెట్టాను. మా వాడలో ఆమె ఈడు పిల్లలు ఇంకా ఉన్నారు, వాళ్లలో కొందరి కాళ్లు తిన్నగానే ఉన్నాయి. ఆ మాట నేనే గుర్తుచేసుకుని ఆగిపోయాను. తిండి అందామంటే అందరం తిన్నది అవే రొట్టెలు.

"తెల్వదు శాంతీ" అన్నాను.

"ఇన్నేండ్లు పిల్లలకు సైన్సు చెప్పినవు, గిది తెల్వదా?" అని ఆమె నవ్వింది. చెయ్యి అడ్డం పెట్టుకోకుండా, గోధుమరంగు గీతల పండ్లన్నీ కనబడేట్టు నవ్వింది. నేను ఆమె దిక్కు చూస్తూ కూచున్నాను. ఆమె కూర గిన్నె తన ముందుకు లాక్కుని, మిగిలింది తరగడం మొదలుపెట్టింది.